ఇంటిలోని మూగజీవములు: కడుపుతోనున్న పిల్లికి దమ్ము

కమాన్‌పూరులో మేము కాపురముండు వీథి ఆదివరాహస్వామి కోవెలకు దూరము కాదు. మా యింటికి రెండిండ్ల యవతల బొగ్గుగనిలో పనిచేయువారి కుటుంబమొకటి కలదు. గడచిన శ్రావణమాసమున నొకనాడు దీపములు పెట్టువేళ ఆ యింటి కూతురు మా గుమ్మములో వచ్చి నిలిచెను. పురుటికై పుట్టినింటికి వచ్చిన పిల్ల. ఎనిమిదవ నెల నిండవచ్చినది. "పెద్దమ్మా, మా పిల్లి ఎట్లనో చేస్తున్నది, జర వచ్చి చూడుండ్రి" అనెను. తండ్రి రెండవ షిఫ్టునకు పోయి యింకను మరలలేదు.

పిల్లి వడ్ల గుమ్మి ప్రక్కను ముడుచుకొని కూర్చుండియున్నది. ముందరి మోచేతులను ప్రక్కటెముకలకు దూరముగా విడదీసి, మెడను ముందునకు చాచి, ఎవరిని చూడక నేలను చూచుచుండెను. ప్రక్కలు కొలిమితిత్తులవలె ఎగసి పడుచుండెను. నోరు మూసియే యున్నది గాని, మేము దగ్గరకు పోయి చేయి చాచిన తోడనే కొంచెము తెఱచినది. అదియు చూలాలే. ఏడు వారములు నిండినవని ఇంటివారి లెక్క. నడునడుమ గుర్రుగుర్రుమను చప్పుడు చేయుచుండుటచే దానికి హాయిగనే యున్నదని వారు తలచిరి. పిల్లి సుఖములోనే కాదు, బాధలోను భయములోను గూడ గుర్రుమనును. కావున ఆ చప్పుడును నమ్మరాదు.

ఆ యింట మువ్వురికి మూడు మాటలు తోచినవి. కూతురు, "నాకు గూడ మెట్లెక్కితే దమ్మొస్తలేదా? కడుపుతోటి ఉన్నోళ్లకు మామూలేనట" అనెను. అమ్మమ్మ, "జరమున్నట్టుంది, పాలల్ల సగం గోలి ఏస్తే తగ్గుతది" అని జ్వరపు మాత్ర చేతబట్టుకొని యుండెను. తల్లి, తెల్లవారిన పిమ్మట చూతమనెను. మూడును మంచి మనస్సుతో పుట్టిన మాటలే. మూడింటిలో ఏ యొక్కటి నడచినను ఆ పిల్లి తెల్లవారు వఱకు బ్రతికియుండెడిది కాదు. కావుననే ఈ మాసము దానిని గూర్చి వ్రాయుచున్నాము.

మొదట "మామూలే" యను మాట. గర్భవతులైన స్త్రీలకు కొంచెము పని చేయగనే ఆయాసము వచ్చుట నిజము. గర్భకాలమున దేహములో నెక్కువగు ప్రొజెస్టిరాన్ అను రసము ఊపిరిని లోతుగా తీయించును. తరువాతి నెలలలో గర్భాశయము పైకి పెరిగి ఊపిరితిత్తుల క్రింది పొరను నెట్టును. ఇది మనకు పరిచితమైన సంగతి యగుటచే పిల్లికిని అంతేయని యనుకొందుము. కాని ఆరోగ్యముగనున్న చూలి పిల్లి, ఈనుటకు ముందటి దినములలో సైతము, విశ్రాంతిగా పండుకొన్నప్పుడు చూచువారికి తెలియునంతటి దమ్ము తీయదు. బరువుగా నడచును, ఎగురుట మానును, నిద్ర హెచ్చును, అంతే. కూర్చున్నచోటనే దమ్ము వచ్చుచున్నదన్న, రొమ్ములో ఏదో కీడున్నదని యర్థము. ఆ మాటకు వచ్చిన, స్త్రీల విషయమునను ఊరక కూర్చున్నప్పుడు వచ్చు దమ్మును, పండుకొనలేకుండ జేయు దమ్మును, మొగము కాళ్ళు వాచి వచ్చు దమ్మును "మామూలే" యని పోనీయరాదు. అట్టి స్త్రీని ఆ క్షణమే వైద్యునికి చూపవలెను.

పిల్లి ఊపిరిని లెక్కించుట కష్టము గాదు. అది నిద్రించునప్పుడో కదలక పండుకొన్నప్పుడో, గుర్రుమననప్పుడు, కొంచెము దూరమున కూర్చుండి ప్రక్క యెత్తును చూడవలెను. ఒకసారి లేచి పడిన ఒక ఊపిరి. గడియారము చూచుచు అర నిమిషము లెక్కించి రెట్టింపు చేయవలెను. నిద్రలో నిమిషమునకు 15 మొదలు 30 వఱకు నుండుట సహజము. ఊరక పండుకొన్నప్పుడు 40 దాటి, మరల మరల చూచినను తగ్గనిచో ఆనాడే వైద్యుని చూడవలెను. కుక్క నోరు తెఱచి ఒగర్చుట దాని స్వభావము, పిల్లికట్లు గాదు. ఎండలో పరుగెత్తి వచ్చినప్పుడో, మిక్కిలి బెదరినప్పుడో క్షణకాలము తప్ప, పిల్లి నోరు తెఱచి ఊపిరి తీయుచున్నదన్న గంటలు లెక్కబెట్టుకొని యుండరాదు. పై పెదవి నెత్తి చిగుళ్ళు చూచిన మఱికొంత తెలియును. అవి గులాబి వన్నెగా నుండవలెను. తెల్లగానో నీలముగానో యున్న అపాయము. ఆనాడు మేము లెక్కించినప్పుడు ఆ పిల్లికి నిమిషమునకు 68 వచ్చినవి.

ఇక గోలి. మనము జ్వరమునకు తలనొప్పికి మ్రింగు పారాసిటమాలు పిల్లికి విషము. మన కాలేయము దానిని విఱిచి బయటికి పంపగలదు; పిల్లి కాలేయమున కాశక్తి మిక్కిలి తక్కువ. ఆ మందు నెత్తుటిలోని యెఱ్ఱకణములను చెఱచి, అవి ప్రాణవాయువును మోయలేకుండ జేయును. నెత్తురు గోధుమవన్నెకు తిరుగును, మొగము పాదములు వాచును, ఉన్న దమ్ము ఇంకను హెచ్చును. ఒక్క బిళ్ళ పెద్ద పిల్లిని చంపుటకు చాలును, సగమైనను అపాయమే. పొరపాటున నెవరైన నిచ్చియుండిన, సిగ్గుపడక ఎంత యిచ్చిరో ఎప్పుడిచ్చిరో వైద్యునితో చెప్పవలెను. దానికి విఱుగుడు మందున్నది, త్వరగా నిచ్చిన పనిచేయును. పిల్లిని చంపిన బంగారు పిల్లిని చేయించి దానమీయవలెనని మన పెద్దలందురు. ఆ మాటను నమ్ము అమ్మమ్మయే పాలలో గోలి వేయబోయెను. ఆమె చేతినుండి మాత్రను తీసికొనుట మాకానాటి పనులలో నెల్ల కష్టమైనది.

రొమ్మునకు పూయు ఘాటు తైలములు, కర్పూరము, నీలగిరి తైలము పిల్లికి కూడవు. అది ఒడలు నాకుకొను జంతువు గనుక పూసినదెల్ల కడుపులోనికి పోవును. కుక్కల గోమారులకు చల్లు మందులలో పెర్మెత్రిన్ అనునది యున్నచో అదియు పిల్లికి ప్రాణాంతకమే. దమ్ముతోనున్న దానికి పాలు గాని నీరు గాని నోట పోయరాదు. ఊపిరికొట్టుకొను ప్రాణి మ్రింగలేదు. పోసినది ఊపిరితిత్తులలోనికి దిగును.

ఆ యింట మఱియొక సంగతి చూచితిమి. వంటకు గ్యాసు పొయ్యి యున్నను, నీళ్ళు కాచుటకు బొగ్గుల కుంపటి వెలిగించి, వాన కురియుచుండుటచే దానిని లోపలనే పెట్టిరి. రామగుండము గోదావరిఖని ప్రాంతములలో ఇట్టి యలవాటు క్రొత్త గాదు. బొగ్గు సగము కాలినప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడ్ అను వాయువునకు వాసన లేదు, రంగు లేదు. బ్రిటనులో హాల్డేనను శాస్త్రజ్ఞుడు 1896లో గనుల ప్రేలుళ్ళలో చచ్చినవారిని పరిశీలించి, వారిలో ననేకులు మంటవలన గాక ఈ వాయువు వలననే చనిపోయిరని కనుగొని, చిన్న ప్రాణులను గనిలోనికి వెంట దీసికొని పోవలెనని సలహా యిచ్చెను. చిన్న ప్రాణి త్వరత్వరగా ఊపిరి తీయును గనుక మనిషికంటె ముందే సోలిపోవును. ఆ సలహా వలననే అక్కడి గనులలో కెనరీ పిట్టలు 1986 వఱకు ఉద్యోగము చేసినవి. మూసిన గదిలో కుంపటియొద్ద పండుకొను పిల్లియు అట్టిదే. ఆ వాయువు తల్లి నెత్తుటినుండి గర్భములోని శిశువునకును పోవును; ఈ మాట పిల్లికెంతయో ఆ యింటి కూతురి కంత. ముందుగా కుంపటిని వాకిటి చూరు క్రిందికి పంపి, తలుపులు కిటికీలు తెఱపించితిమి. గాలి మాఱిన పిమ్మట పావుగంట చూచితిమి. ఊపిరి లెక్క తగ్గలేదు. పొగ ఒక్కటియే కారణము కాదని తెలిసినది.

వైద్యునికి ఫోను చేయగా, ఉన్నపళముగా తీసికొని రమ్మనిరి. తెలంగాణమున 2017 నుండి సంచార పశువైద్య వాహనములు తిరుగుచున్నవి. వానిని పిలుచు సంఖ్య 1962. అవి ముఖ్యముగా పాడిపశువుల కొఱకు, గొఱ్ఱెలు మేకల కొఱకు ఏర్పడినవి. ఫోనులో సలహా యడుగవచ్చును గాని, దమ్ముతోనున్న పిల్లికై వాహనము వచ్చునని వేచియుండుట తగదు. దానిని మోసికొనిపోవుటలో జాగ్రత్త కావలెను. చంకనెత్తుకొని రొమ్ము నదిమినను, గుడ్డలో బిగించి చుట్టినను ఉన్న ఊపిరియు పోవును. ఒక వెడల్పాటి గంపలో పాత చీర మెత్తగా పఱచి, పిల్లిని తన యిష్టమైన తీరున కూర్చుండనిచ్చి, పైన గాలియాడు గుడ్డ కట్టితిమి. వెల్లకిల పండబెట్టరాదు, బలవంతముగ ప్రక్కకు త్రిప్పరాదు. ఆటోవానితో మెల్లగా పొమ్మని చెప్పితిమి. కూతురిని రావద్దని చెప్పిన వినక, గంప నొడిలో బెట్టుకొని తానే కూర్చుండెను.

వైద్యుడు మొదట పిల్లిని ముట్టుకొనలేదు. గంపలో నున్న దానిని గంపలోనే యుంచి, మూతికి దగ్గరగా ప్రాణవాయువు గొట్టమును పట్టించి, పది నిమిషములు దూరమునుండి చూచెను. పరీక్షకై పెనుగులాడించిన దమ్ముతోనున్న పిల్లి బల్లమీదనే చచ్చుట కలదట. తరువాత రొమ్మునకు యంత్రము పెట్టి విని, క్రింది భాగమున ఊపిరి చప్పుడు వినబడుట లేదనెను. ఊపిరితిత్తుల చుట్టును నీరో చీమో చేరియున్నదని యర్థము. సూదితో తీయవలెనన్నప్పుడు తల్లి, "లోపలి పిల్లలకేమైన అయితదేమో, మందులొద్దు, సూదులొద్దు" అని ఏడ్చెను.

ఈ భయము ఆమె యొక్కతెదే కాదు. కడుపుతోనున్న ప్రాణికి మందీయరాదను మాట మన యిండ్లలో నెంత బలముగా నున్నదనగా, దాని వలన తల్లియు పిల్లలును గూడ పోవుచున్నారు. గర్భములోని కూనలు తామై ఊపిరి తీయవు. వానికి చేరు ప్రాణవాయువంతయు తల్లి నెత్తుటినుండి మాయద్వారా రావలసినదే. తల్లికి ఊపిరి చాలనప్పుడు ఆమె దేహము ముందుగా గుండెను మెదడును కాపాడుకొనును. గర్భాశయమునకు పోవు భాగము తగ్గిపోవును. కావున దమ్ముతో గడచు ప్రతి గంటయు ఏ మందు చేయు కీడుకంటె ఎక్కువ కీడే కూనలకు చేయును. ఆ వైద్యుడీ మాటనే రెండు వాక్యములలో చెప్పెను. కూతురు తల్లి చేయి పట్టుకొని, "అమ్మా, తీయనియ్యి" అనెను.

రెండు ప్రక్కలను సూదితో దీయగా చిన్న టీ గ్లాసుకు మించి దుర్గంధముతో కూడిన చీము వచ్చినది. నిమిషమునకు 68గా నున్న ఊపిరి గంటలోపల 44కు దిగెను. నెలక్రిందట మగపిల్లి కఱచిన గాయము మెడయొద్ద నుండి మానినట్లు వారప్పుడు జ్ఞాపకము చేసికొనిరి. అట్టి కాటు వలన సూక్ష్మజీవులు రొమ్ములోనికి చేరి చీము పట్టుట పిల్లులలో ఎఱుగనిది కాదు. మఱునాడు కొంత దూరముననున్న పెద్ద వైద్యశాలకు పంపగా, అక్కడ గొట్టము పెట్టి నాలుగు దినములు చీమును తీసి కడిగిరి. నోటి మందు ఆరు వారములు వేయవలసివచ్చెను.

మందుల సంగతి. గర్భవతియైన పిల్లికి సాధారణముగా పెన్సిలిన్ జాతికి చెందిన అమాక్సిసిలిన్ వంటివి తగినవని యెంచుదురు. టెట్రాసైక్లిన్ జాతివి కూనల యెముకలకు పండ్లకు హాని చేయును. ఎన్రోఫ్లాక్సాసిన్ వంటివి ఎదుగు కీళ్ళకు మంచివి గావు. స్టిరాయిడ్లు ఎక్కువైన గర్భము పోవచ్చును. పోయిన మాఱు కుక్కకిచ్చిన మందు మిగిలినదని పిల్లికి వేయరాదనుట ఇందువలననే. కాని తల్లి ప్రాణము మీదికి వచ్చినప్పుడు వైద్యుడు తెలిసియే వీనిలో నొకదాని నీయవచ్చును. చూలిదని ముందుగా చెప్పి, ఎన్ని వారములో చెప్పుట మన పని. ఎంచుట ఆయన పని. ఎక్స్‌రే పటము నొకసారి తీయుట వలన కూనలకు కలుగు హాని మిక్కిలి స్వల్పము. ఆఱు వారములు దాటిన పిమ్మట కూనల యెముకలందు కనబడును గనుక ఎన్ని యున్నవో లెక్కయు తెలియును.

చీము పట్టుట ఒక్క కారణము. మన ప్రాంతమున తఱచుగా కనబడునది జలుబు. తుమ్ములు, కంట నీరు, ముక్కు మూసికొనిపోవుట, తిండి మానుట. హెర్పిసు, కాలిసి అను సూక్ష్మజీవులు దీనికి మూలము, కూనలకును సోకును. గోమార్లు మెండుగా పట్టిన చూలి పిల్లికి నెత్తురు తగ్గి చిగుళ్ళు తెల్లబడి దమ్ము వచ్చును. ఉబ్బసము, గుండెజబ్బు పిల్లులకును గలవు. బొగ్గు టిప్పర్లు తిరుగు బాటల ప్రక్క నుండువారు మఱియొకటి గుర్తుంచుకొనవలెను. బండి తగిలి పైకి గాయము లేకుండ లేచిపోయిన పిల్లికి, రొమ్మునకు కడుపునకు నడుమనుండు పొర లోపల చినిగి యుండవచ్చును. అప్పుడేమియు తెలియక, చూలు పెరిగి ప్రేగులను పైకి నెట్టినప్పుడు దమ్ము బయటపడును. ఇక వేసవి. రామగుండపు టెండలు తెలియనివారెవరు? రేకుల యింటిలో మధ్యాహ్నము మూసివేసిన చూలి పిల్లి నోరు తెఱచి ఒగర్చిన, చల్లని నేలకు చేర్చి, పాదములను చెవులను సాధారణపు నీటితో తడిపి, గాలి తగులునట్లు చేసి, వైద్యుని కడకు పోవలెను. మంచునీరు పోయరాదు.

ఈనునప్పుడు నొప్పులతో కొంచెము ఒగర్చుట మాత్రము సహజమే. అప్పుడది గూడు వెదకుకొనును, క్రింద నాకుకొనును, కూన బయటపడగానే ఊపిరి సర్దుకొనును. గట్టిగా ముక్కుచు అర గంట గడచినను కూన రానిచో, దుర్వాసన గల స్రావము కనబడినచో, అది ఈనుట కాదు, అడ్డుపడుట.

ఆ పిల్లి చీము తీసిన పదునారవ దినమున నాలుగింటిని పెట్టినది. ఒకటి చచ్చి పుట్టినది. ఒకటి మూడవనాడు పోయినది. మిగిలిన రెండింటిని ప్రతి ఉదయము వంటింటి త్రాసులో తూచితిమి. పుట్టిన కూన నూఱు గ్రాముల ప్రాంతమున నుండి దినమునకు పది గ్రాములైన పెరుగవలెను; పెరుగనిచో పాలు చాలుటలేదని యర్థము. తల్లి నీరసముగా నున్నందున, పిల్లికూనల కొఱకై అమ్ము పాలపొడి తెప్పించి, రెండు గంటల కొకసారి చిన్న పిచికారీతో బోర్లగా పట్టుకొని త్రాగించితిమి. ఆవుపాలు వానికి చాలవు, విరేచనములు పట్టును.

ఆ యింటి కూతురు ఈ పనులన్నియు తానే చేయబూనగా రెండింటిని మాత్రము నిషేధించితిమి. ఒకటి పిల్లి మలమును తీయుట. టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి పిల్లి మలమునుండి గర్భవతికి, ఆమెనుండి శిశువునకు పోగలదు. ఆ మలము బయటపడిన దినముననే అంటదు, ఒక దినము గడచిన పిమ్మటనే అంటును. కావున వేఱొకరు ప్రతిదినము తీసిపారవేసి చేతులు కడుగుకొనిన చాలును. సరిగా ఉడుకని మాంసము, మట్టి యంటిన కూరలు గూడ అంతే అపాయము గలవి. పిల్లిని వెడలగొట్ట నక్కరలేదు. రెండవది బాధలోనున్న పిల్లికి మొగము దగ్గరగా పెట్టుట. దమ్ముతోనున్నప్పుడు సాధువైన పిల్లియు కఱచును. కఱచిన సబ్బుతో పావుగంట కడిగి, రేబీసు టీకాకు మనుష్యుల దవాఖానకు పోవలెను. గర్భవతి కాటీకా నిషిద్ధము కాదు.

కూనలు తిండి తినుటకు వచ్చి, తల్లి పాలింకిన పిమ్మట, దానికి మరల చూలు రాకుండ ఆపరేషను చేయించిరి. పాలిచ్చుచుండగనే పిల్లికి చూలు నిలుచును గనుక అంతవఱకు మగపిల్లిని దరి చేరనీయక తలుపు వేసి యుంచుట వారికి పెద్ద పనియైనది. ఆ యింటి కూతురికి భాద్రపదమున ఆడుపిల్ల కలిగెను. తల్లియు బిడ్డయు క్షేమము. కూనలలో తెల్లనిది వారియింటనే యున్నది. నల్లమచ్చలది మేము వ్రాయుచున్న ఈ కాగితములమీద పండుకొన్నది. నిద్రలో దాని ఊపిరి నిమిషమునకు 24.

పాలిచ్చు పిల్లికి పెట్టవలసిన తిండిని గూర్చి వచ్చు మాసము వ్రాసెదము.